నరవాసనకు బెదిరిన కణుజు

నీహారగిరి రాజ్యంలో ఆ ఏడాది పుష్యమాసం వెళ్లింది గానీ చలి వెళ్లలేదు. మాఘం వచ్చినా అంతే. పొద్దు నడినెత్తికి వచ్చినా మంచు లేచేది కాదు. జొన్నకంకులు పాలు పోసుకోకుండానే నల్లబడ్డాయి. పుట్టిన గొర్రెపిల్లలు లేచి నిలబడకముందే బిగుసుకుపోయాయి. కట్టెలు అయిపోయి జనం నాగళ్లు విరిచి పొయ్యిలో పెట్టుకుంటున్నారని రాజధానికి కబురొచ్చింది. రైతు నాగలిని కాల్చుకున్నాడంటే ఇక వచ్చే ఏటి మీద ఆశ వదులుకున్నాడన్నమాటే.

ఈ కష్టం ఎలా వచ్చిందో తెలియాలంటే ఆ దేశపు రాజు ఆడిన వేట సంగతి ముందు చెప్పుకోవాలి.

రాజు ధీరకేతుడు చెడ్డవాడు కాదు. తగవులు న్యాయంగా తీర్చేవాడు. తల్లి లేని కూతురు ఉత్పలను కంటిపాపలా పెంచాడు. కానీ ఆయనకు వేటంటే వెర్రి. శీతకాలంలో మేత దొరక్క జింకలు బక్కచిక్కి, గాలి అంతగా సోకని లోయల్లో గుంపులుగా చేరతాయి. వాటిని పట్టడానికి ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. సైనికుల చెమటతో తడిసిన బట్టలను లోయకు ఒకవైపు, గాలి వచ్చే దిక్కున చెట్లకు కట్టించేవాడు. మనిషి వాసన లోయలోకి దిగగానే జింకలు బెదిరి రెండోవైపుకు పరుగెత్తేవి. అక్కడ లోతైన గోతులు తవ్వి ఉండేవి. బాణం ఎక్కుపెట్టే పని కూడా ఉండేది కాదు.

ఒక ఉదయం ఆ గోతుల్లో పడినవాటిలో చూలుతో ఉన్న జింకలు కూడా ఉన్నాయి. రాజు గోతి అంచున నిలబడి చూస్తుండగా మంచులోంచి ఒక స్త్రీ నడిచి వచ్చింది. ఆమె జుట్టు నిండా ఎండుటాకులున్నాయి. ఆమె అడుగు కింద గడ్డి వంగలేదు. ఆమె ఆ అడవిని కాచే వనదేవత.

"రాజా, నీ ఒంటి వాసనతో నా బిడ్డలను తరిమి చంపావు. ఆ వాసన తగిలితే గుండె ఎలా అదురుతుందో ఇక నువ్వూ తెలుసుకో" అన్నదామె.

ఆ మాటతో ధీరకేతుడు అక్కడికక్కడే కణుజుగా మారిపోయాడు. కణుజు అంటే మన అడవి జింకల్లోకెల్లా పెద్దది. మగదానికి కొమ్మలుగా చీలిన పెద్ద పెద్ద కొమ్ములుంటాయి. చుట్టూ నిలబడిన తన మనుషుల వాసన తగలగానే ఆ కణుజు నిలువెల్లా వణికి, ఒక్క గెంతులో అడవిలో కలిసిపోయింది.

అందరూ పారిపోయినా, రాజుకు వేటలో జాడలు తీసే ముసలి బోయ పుట్టన్న మాత్రం దేవత కాళ్లమీద పడ్డాడు. దేవత అతన్ని లేపి ఇలా చెప్పింది:

"ఒక మనిషి చేయి వాడి నొసటిని తాకాలి. వాడు బెదరకుండా నిలబడాలి. వలలూ తాళ్లూ పనికిరావు. వాడి కొమ్ములు రెండూ రాలిపోయేలోగా ఇది జరగాలి. రాలితే తాను మనిషినన్న మాటే మరిచిపోతాడు. మీ రాజు అడవిలో ఉన్నంతకాలం మీ ఊళ్లమీద మంచు ఉంటుంది."

పుట్టన్న తెచ్చిన ఆ మాట విని మహామంత్రి అడవికి సైన్యాన్ని పంపాడు. సైన్యం అడవి అంచుకు చేరకముందే కణుజు రెండు కొండలు దాటిపోయేది. అప్పుడు ఉత్పల మంత్రి దగ్గరకు వచ్చింది. ఆమెకు పదిహేడేళ్లు.

"తాతగారూ, నేను వెళతాను" అన్నది.

"ఇంతమంది వల్ల కానిది నీ ఒక్కదాని వల్ల ఎలా అవుతుందమ్మా?"

"ఇంతమంది వెళ్లారు కాబట్టే నాన్నగారు పారిపోయారు. వెయ్యిమంది వాసన కంటే ఒక్కరి వాసన తక్కువ కదండీ?"

మంత్రి కళ్లు తుడుచుకుని ఆమెను సాగనంపాడు.

పుట్టన్న గుడిసె అడవి మొదట్లోనే ఉంది. ఆ మంచుకు అతని కాళ్లు చచ్చుబడిపోయాయి. కుంపటి పక్కనే మంచం మీద కూర్చుని ఉత్పలకు తన విద్య నేర్పాడు.

"సూడు తల్లీ, కణుజు కంటికి నువ్వు ఆనితే అది నిలబడి ఇంకొక తూరి సూస్తాది. సప్పుడైతే చెవులు నిక్కిస్తాది. అదే వాసన తగిలిందనుకో, ఇంగ రెండో ఆలోచన లేదు. పరుగే!"

"మరి వాసన తగలకుండా ఎలా వెళ్లాలి పుట్టన్నా?"

"తెల్లారుజామున సలిగాలి బరువుగా ఉంటాది. కొండ మీదనుంచి నీళ్ల మాదిరి లోయలోకి జారతాది. అప్పుడు నువ్వు కణుజుకు దిగువన ఉండల్ల. పొద్దెక్కి బండలు ఎచ్చబడినాయంటే గాలి పైకి లేస్తాది. అప్పుడు ఎగువకు పోవల్ల. అనుమానమొస్తే చిటికెడు బూడిద వదిలి సూడు. అది ఎటు పోతే నీ వాసన అటు పోతాంది."

"చలి ఎక్కువైతే?"

"అక్కడే అందురూ తప్పు చేస్తారు. సలి అని గొంగళి కప్పుకుని నడిస్తే చెమట పడతాది. చెమట పట్టిందంటే దండోరా కొట్టినట్టే. గొంగళి మూట కట్టి మోసుకుపో. కూసున్నాకనే కప్పుకో. నడిచేటప్పుడు వణికినా పర్వాలేదు."

ఉత్పల తలకు సంపెంగనూనె మానేసింది. ఉల్లి, వెల్లుల్లి, ఇంగువ మానేసింది. బట్టలను బూడిదనీళ్లలో ఉతికి, ఊటనీటిలో జాడించి, ఎండుటాకుల కుప్పలో దాచి, వాటికి ఆకుల వాసన పట్టాకనే కట్టుకునేది. ఒంటికి మట్టి పూసుకునేది. పుట్టన్న కుక్క కరియ రోజూ ఆమె వెంట అడవి మొదటిదాకా వచ్చి, తోక ఊపి వెనుదిరిగేది.

ఒకనాటి ఉదయం, కొండవాలున గడ్డి మేస్తున్న కణుజు ఆమెకు కనిపించింది. దాని ఎడమ చెవి అంచు చీలి ఉంది. కుర్రతనంలో కత్తిసాము చేస్తూ తండ్రి తెగ్గోసుకున్న చెవి అది! ఉత్పల దిగువనుంచి, గాలికి ఎదురుగా, పొదనుంచి పొదకు పాకుతూ వెళ్లింది. బాణం అందేటంత దగ్గరకు చేరింది. అంతలో మబ్బు విడి ఎండ పొడుచుకొచ్చింది. అప్పటిదాకా ఆమె బుగ్గలకు తగులుతున్న గాలి మెడ వెనకనుంచి తగలడం మొదలుపెట్టింది.

కణుజు తల ఎత్తింది. ఒక్క క్షణం ఇద్దరి చూపులూ కలిశాయి. తర్వాత అక్కడ ఊగుతున్న గడ్డి తప్ప ఏమీ లేదు.

కణుజు దక్కకుండా పోయినందుకు ఉత్పలకు కలిగిన బాధ కంటే ఆ చూపు తెచ్చిన బాధ ఎక్కువ. తనను చూసి తండ్రి భయపడ్డాడు.

ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే అయింది. కొండగాలిని నమ్మడానికి లేదు. ఒకసారి అలా గాలికి ఎదురుగా పాకుతూ ఆమె ఒక పుట్ట మలుపు తిరిగేసరికి, చెదపురుగుల కోసం పుట్టలో మూతి పెట్టిన ఎలుగుబంటి మీద దాదాపు పడబోయింది. ఎలుగు అదిరిపడి వెనక కాళ్లమీద లేచి గర్జించింది.

"ఎవతెవు నువ్వు? వాసన లేకుండా వీపు మీదికి వస్తావా? మంచీ మర్యాదా లేదా?"

ఉత్పల చేతులు జోడించి, "క్షమించు భల్లూకమా! కణుజుకు తెలియకూడదని నా వాసనను గాలికి వెనక దాచాను. నువ్వున్నావని తెలియదు" అన్నది.

"నా పంజా లేచి ఉంటే ఏమయ్యేది? మీ ఊళ్లో గుమ్మం ముందు నిలబడి 'ఎవరండీ ఇంట్లో' అని పిలవరూ? అడవిలో వాసనే ఆ పిలుపు. పిలవకుండా వచ్చేది ఇద్దరే. దొంగ ఒకడు, పులి ఒకటి" అని ఎలుగు గొణిగింది. ఉత్పల తన కథ చెప్పి, వాసన పూర్తిగా పోయే దారేదైనా ఉందా అని అడగగా విని, ఎలుగు మూతికంటిన మన్ను తుడుచుకుంది.

"పిల్లా, మట్టి పూసుకుంటే వాసన మరుగుపడుతుంది గానీ పోదు. అసలే లేకుండా పోవాలంటే ఒకటే దారి. ఆ నల్లకొండ గుహలో ఘ్రాణాసురి అనే రాక్షసి ఉంది. వాసనలే దాని ఆహారం. కానీ అక్కడికి వెళ్లమని నేను చెప్పను. నువ్వు అడిగావు కాబట్టి చెప్పాను."

ఉత్పల నల్లకొండ ఎక్కింది. గుహ ముందు నిలబడగానే లోపలినుంచి కొండ అదిరేలా కేక వినిపించింది.

"నరవాసన! నరవాసన!"

ఘ్రాణాసురి బయటికి వచ్చింది. దాని ముక్కు ఏనుగు తొండమంత లేకపోయినా అందులో సగం ఉంది. గుహ గోడల వెంట ఎండిన సొరకాయ బుర్రలు బిరడాలు బిగించి వరసగా వేలాడుతున్నాయి. ఒక్కో బుర్రలో ఒక్కో మనిషి వాసన ఉంది.

"నిన్ను తినను, భయపడకు" అన్నది రాక్షసి. "మాంసంలో ఏముంది? వాసనలో ఉంది రుచి. నీ నరవాసన నాకిస్తావా? ఏ మృగమూ నిన్ను పసిగట్టదు."

"మళ్లీ కావాలంటే తిరిగి ఇస్తావా?"

"ఇన్ని బుర్రల్లో నీది నువ్వే వెతుక్కోవాలి. ఒక్కసారే అవకాశం. తప్పు బుర్ర తెరిచి పూసుకున్నావా, వాళ్ల బతుకు నీకంటుకుంటుంది, నీది నాకు మిగులుతుంది."

ఉత్పల చాలాసేపు ఆలోచించింది. పొయ్యిలో కాలుతున్న నాగళ్లు ఆమె కళ్లముందు మెదిలాయి. చివరికి తల ఊపింది. రాక్షసి ఆమెను పాదాలనుంచి నడినెత్తిదాకా ఒక్క పీల్పుతో పీల్చి, బుర్రలోకి ఊది, బిరడా బిగించింది. ఉత్పలకు నొప్పి కలగలేదు. చలిలో కప్పుకున్న దుప్పటి ఎవరో లాగేసినట్టు మాత్రం అనిపించింది.

ఆమె గుడిసెకు తిరిగి వచ్చేసరికి కరియ గుమ్మంలో పడుకుని ఉంది. ఉత్పల దాన్ని దాటుకుని లోపలికి వెళ్లినా అది తల ఎత్తలేదు. పుట్టన్న కుంపటి మీదనుంచి చూపు తిప్పి, ఆమెను చూసి ఉలిక్కిపడ్డాడు.

"యవురది? ఓ... నువ్వా తల్లీ! ఎప్పుడొచ్చినావు? పక్కనే ఉండి గూడా లేనట్టుండావే!"

ఉత్పల నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

మరునాడు చౌడునేల దగ్గర కణుజు కనిపించింది. ఉప్పుదనం కోసం జింకలు నాకే నేల అది. ఉత్పల దాగలేదు. గాలి ఎటు వీస్తున్నదో చూడలేదు. నిటారుగా నడుచుకుంటూ వెళ్లింది. కణుజు చెవి కూడా కదపలేదు. ఆమె చేయి చాచి దాని నొసటిమీద ఆనించింది. వెంట్రుకల కింద వెచ్చదనం తగిలింది.

"నాన్నగారూ!" అన్నది.

ఏమీ జరగలేదు. కొమ్మ తగిలితే తల పక్కకు తిప్పుకున్నట్టు కణుజు తల తిప్పుకుని మళ్లీ నేల నాకసాగింది.

ఉత్పల చేయి తీసేసింది. నాన్న బెదరలేదు, నిజమే. కానీ ఆయనకు సంబంధించినంతవరకు అక్కడ ఎవరూ లేరు. చెట్టుకు ఎవరైనా బెదురుతారా? బెదరకుండా నిలబడడమంటే ఇది కాదు. మనిషి చేయి తాకాలన్నది దేవత. తనలో మనిషినే రాక్షసి గుహలో వదిలి వచ్చింది.

అప్పటికప్పుడే ఆమె నల్లకొండకు బయలుదేరింది.

"తెలుసు, వస్తావని తెలుసు" అని ఘ్రాణాసురి పకపకా నవ్వింది. "వెతుక్కో మరి. మూతలు తీసి వాసన చూడవచ్చు. పూసుకోవడం మాత్రం ఒక్కటే."

ఉత్పల ఒక్కో బుర్ర బిరడా తీసి చూసింది. ఒకదాంట్లో పొగచూరిన వంటింటి వాసన వచ్చింది. ఒకదాంట్లో పాలు తాగే పసిబిడ్డ వాసన. మరొకటి తెరవగానే ఇనుమూ నెత్తురూ కలిసిన వాసన కొట్టి ఆమె తల తిరిగింది. జ్వరం, చేపలు, తడిసిన గొర్రెబొచ్చు. ఒక బుర్రలో ఆమెకు బాగా పరిచయమైన సంపెంగనూనె వాసన గుప్పుమంది. రాక్షసి ముందుకు వంగి ఆశగా చూసింది.

ఉత్పల దాన్నీ మూసేసింది. అంతఃపురంలో ఉన్నప్పుడు రోజూ సంపెంగనూనె రాసుకునేది. అయినా తన తలనుంచి ఆ వాసన తనకెప్పుడూ తెలిసేది కాదు. 'ఈ రోజు ఎక్కువ రాసుకున్నావమ్మా' అని పక్కవాళ్లు చెబితేనే తెలిసేది. నెలల అలవాటే అలా ఉంటే, పుట్టినప్పటినుంచి తనతో ఉన్న వాసన తన ముక్కుకు ఎలా తెలుస్తుంది?

ఆమె వరస చివరిదాకా వెళ్లింది. ఒక బుర్ర మూత తీస్తే అందులోనుంచి ఏ వాసనా రాలేదు. ఊది చూసింది. ఖాళీ బుర్రలాగే ఉంది.

"ఇది" అన్నది ఉత్పల.

"దాంట్లో ఏముందే పిచ్చిదానా? ఏమీ లేదు!"

"నాకు ఏమీ లేదు. నీకు ఉంది కాబట్టే దాచుకున్నావు" అంటూ ఆమె దాన్ని తన నెత్తిన బోర్లించుకుంది.

దుప్పటి మళ్లీ భుజాలమీదికి వచ్చినట్టయింది. ఘ్రాణాసురి ముక్కు ఎగరేసి, "నరవాసన" అన్నది. ఈసారి కేకవేయలేదు. కాస్త బెంగగా అన్నది. "వెళ్లు. నా దగ్గర ఉన్నవాటిలో మంచి వాసన పోయింది."

ఆ రోజునుంచి ఉత్పల పద్ధతి మారింది. చౌడునేలకు దూరంగా, గాలికి ఎగువన, నలుగురికీ కనిపించే బండమీద కూర్చోసాగింది. సంగతి విని పుట్టన్న నెత్తి కొట్టుకున్నాడు.

"గాలికి ఎగువన కూసుంటావా? నేను చెప్పిందంతా గంగలో కలిపినావు గదా తల్లీ!"

"లేదు పుట్టన్నా. నా వాసన ఎటు వెళుతుందో నువ్వు నేర్పబట్టే ఇప్పుడు దాన్ని ఆయన దగ్గరకు పంపగలుగుతున్నాను."

మొదటి రోజు వాసన తగలగానే కణుజు పారిపోయింది. ఉత్పల వెంటపడలేదు. తెచ్చుకున్న రొట్టె, వెల్లుల్లికారం తిని ఇంటికి వచ్చింది. మరునాడు అక్కడే కూర్చుంది. ఆ మరునాడూ అక్కడే. కణుజు పరుగెత్తి వెళ్లేది, తర్వాత నడిచి వెళ్లేది, ఆ తర్వాత చెట్ల చాటున నిలబడి చూసేది. ఆ వాసన వచ్చింది, కానీ దాని వెనక గొయ్యి రాలేదు, అరుపులు రాలేదు. ఉత్పల కొంచెం కొంచెంగా బండనుంచి కిందికి జరుగుతూ వచ్చింది.

ఒక రోజు కణుజుకు ఒకవైపే కొమ్ము ఉండడం చూసి ఆమెకు గుండె ఆగినంత పనైంది. ఆమె ఒక్క మాట కూడా అనలేదు, కదలలేదు. అయినా కణుజు ముక్కుపుటాలు అదిరాయి. అది వెనుదిరిగి దౌడు తీసింది. ఆమె భయం కూడా గాలిలో కలిసి దానికి చేరిందన్నమాట.

ఆ సాయంత్రం ఉత్పల పొయ్యి ముందు కూర్చుని తనను తాను అడిగింది. 'నేను పోగొట్టాలనుకుంటున్నది ఎవరి భయాన్ని? నాన్నగారు నాకు దక్కరేమోనన్న నా భయాన్నా, నన్ను చూస్తే ఆయనకు కలిగే భయాన్నా?' భయాన్ని మట్టి పూసి దాచలేం. అది ఉండకూడదు, అంతే. తెల్లవారి బయలుదేరేటప్పుడు ఆమె మనసులో ఒకే మాట ఉంది: ఆయన మనిషి కాకపోయినా సరే, అడవిలోనే ఉండిపోయినా సరే, నన్ను చూసి మాత్రం ఆయన పరుగెత్తకూడదు.

ఆమె చౌడునేల అంచునే మోకాళ్లు ముడుచుకుని, తల వంచుకుని కూర్చుంది. గాలి ఆమె వీపు మీదుగా చెట్లలోకి వీస్తోంది. ఎంతోసేపటికి డెక్కల కింద మంచు చిట్లిన చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్లీ వినిపించింది. వేడి ఊపిరి ఆమె నెత్తికి తగిలింది.

బిడ్డలు కాళ్లకు మొక్కితే పెద్దలు దగ్గరకు తీసుకుని నడినెత్తిన వాసన చూసి దీవిస్తారు. ఆ కణుజు తడిముక్కు ఉత్పల పాపిట మీద ఆనింది. ఒకసారి వాసన చూసింది. వణికింది. పారిపోవడానికి నాలుగు కాళ్లూ బిగబట్టింది. కానీ వెళ్లలేదు. మళ్లీ ఒకసారి, నిదానంగా, లోతుగా వాసన చూసింది.

ఉత్పల తల ఎత్తకుండానే చేయి పైకి చాచింది. ఆమె అరచేయి దాని నొసటిని తాకింది. ఆ వెంటనే ఆ ఒంటరి కొమ్ము మంచులో పడిన చప్పుడైంది.

"చలిగా ఉందమ్మా" అన్నది ధీరకేతుడి గొంతు.

ఆమె తన గొంగళి ఆయనకు కప్పి, గట్టిగా పట్టుకుని ఏడ్చింది. వాళ్ల చుట్టూ చెట్లనుంచి మంచు కరిగి బొట్లుబొట్లుగా రాలసాగింది. వాళ్లు పుట్టన్న గుడిసె చేరేసరికి గడ్డకట్టిన వాగు కరిగి పారుతోంది. ఎండలో కరియ వాళ్లకు ఎదురు పరుగెత్తుకొచ్చింది.

రాజు తిరిగి వచ్చాడని దేశమంతా పండుగ చేసుకుంది. ఖజానానుంచి ఇంటింటికీ కొత్త నాగలి, విత్తనాలు ఇచ్చారు. గోతులన్నీ పూడ్పించి, శీతకాలంలో వేటను నిషేధిస్తూ ధీరకేతుడు చాటింపు వేయించాడు. కానీ ఆయన పూర్తిగా పాత మనిషి కాలేదు. జనం నిండిన కొలువులోంచి ఆయన మాటిమాటికీ లేచి బయటికి వెళ్లిపోయేవాడు. ఆయన బదులు ఉత్పలే కూర్చుని తగవులు వినేది. చూడగా చూడగా అందరికీ అదే అలవాటైంది. ఒక మంచిరోజు చూసి ధీరకేతుడు కిరీటం తీసి కూతురి తలమీద పెట్టాడు. సభలో అందరూ వినేలా ఇలా చెప్పాడు:

"అడవి తానిచ్చినవన్నీ నా దగ్గరనుంచి తిరిగి తీసుకుంది గానీ, కణుజు ముక్కును మాత్రం నాకే వదిలేసింది. ఈ సభలో ఎవరు భయపడుతున్నారో నాకు తెలుస్తుంది. అమ్మా, నీ ఏలుబడిలో ఆ వాసన ఈ గుమ్మం దాటి లోపలికి రాకుండా చూసుకో."

ఉత్పల చాలాకాలం రాజ్యం ఏలింది. కొలువు జరిగే రోజుల్లో ముసలి రాజు సింహాసనం దగ్గర కూర్చునేవాడు కాదు. బయట మెట్లమీద, అర్జీలు పట్టుకుని వచ్చిన జనం మధ్య కూర్చునేవాడు. లోపలికి వెళ్లడానికి జంకి వెనక నిలబడిపోయినవాళ్లను ఆయన చూడకుండానే పోల్చుకునేవాడు. లేచి వెళ్లి, వాళ్ల చేయి పట్టుకుని, అందరికంటే ముందు లోపలికి తీసుకువెళ్లేవాడు.